ధ్వనిలేఖనము – మీటల పలక



నేటి ప్రసంగ విషయము, కంప్యూటరుతో పాటలు పట్టువారు వాడెడి యొక పరికరము. ఇంగ్లీషున దానిని కంట్రోల్ సర్ఫేస్ అందురు. నియంత్రణ ఫలకమని తెనిగింపవచ్చును గాని, ఆ పేరు విన్నవారు వస్తువును చూడకమునుపే జడిసిపోదురు. చూచుట కది యొక పలక. దానిపై నుండునవి మీటలు. కావున నేను మీటల పలక యనియే చెప్పెదను.

ఇది పట్టణములలోని సినిమావారి వస్తువు గదా, మనకేల యని తోచవచ్చును. మన సీమలో చెక్కభజన గురువులు, హరికథకులు, తోలుబొమ్మలాటవారు పలువురు వృద్ధులైరి. వారి పాటను మనుమలు ఫోనులలోను కంప్యూటరులలోను పట్టుచున్నారు. పట్టుట మేలే. అయితే పట్టిన పాటలో ఏది హెచ్చుగా వినబడవలెను, ఏది తగ్గియుండవలెనను తీర్పు చేయవలసినవా డెవడు? యంత్రము తెలిసిన కుఱ్ఱవాడా, పాట తెలిసిన పెద్దవాడా? పెద్దవాడే యని నా మనవి. ఆ తీర్పు నతనిచేత నతని చేతులతోనే చేయించుటకు ఈ పలక సాధనము.

వరుస పోయినచో ఏమగునో మన సీమవారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు. కడప జిల్లా తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించిరి. అవి తిరుమల ఆలయమున నొక అఱలో దాగియుండి 1922 ప్రాంతమున మరల వెలుగు చూచెను. రాగి చెడలేదు, అక్షరము చెడలేదు, పాట పాటకు రాగము పేరును గలదు. పాడిన వరుస మాత్రము రేకులలో లేదు. అనంతపురపు సీమలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు పూనుకొని పెక్కు సంకీర్తనలకు స్వరము కట్టవలసి వచ్చినది. వారు కట్టినవి మనోహరములే. కాని అన్నమయ్య నోట వినబడిన దేదియో ఎవ్వరును చెప్పజాలరు. నేటి యంత్రము వరుసను పట్టగలదు. కాని పట్టుటలో వివేకము లోపించెనా, రాగిరేకుల గతికి సరిగా విపరీతమైన గతి పట్టును. అందు మాట నిలిచి వరుస పోయినది. ఇందు మోత నిలిచి మాట పోవును.

మఱియొక నిదర్శనము. సి.పి. బ్రౌన్ దొరవారు కడపలో బంగళా కొని, పండితులను లేఖకులను జీతములిచ్చి నిలిపి, తాళపత్ర ప్రతులను వ్రాయించిరి. లేఖకుడు వ్రాయుచుండును, పండితుడు పలు ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించును. దస్తూరి ఎంత ముత్యములవలె నున్నను పాఠనిర్ణయము లేఖకుని పని గాదు. నేడు కంప్యూటరు ముందు కూర్చున్న కుఱ్ఱవాడు లేఖకుడు. పాటయొక్క పాఠము తెలిసిన పండితుడు భజన గురువు.

కిందటి యేడు మా చేరువ పల్లెలో నొక చెక్కభజన బృందము పాటను పట్టిరి. గురువు గొంతునకొక మైకు, వంతవారికి రెండు, మద్దెలకొకటి, హార్మోనియమునకొకటి, చెక్కలకు రెండు. ఒక్కొక్క మైకు ధ్వని కంప్యూటరు తెఱపై నొక్కొక్క వరుసగా, పొలములో సాళ్లవలె, వేఱువేఱుగ నిలుచును. దీనిని ట్రాక్ అందురు. పట్టినవాడు తెలివిగల కుఱ్ఱవాడే. సినిమా పాటలు విని పెరిగినవా డగుటచే దెబ్బ గట్టిగా వినబడిననే పాటయని వాని తలపు. చెక్కలను మద్దెలను హెచ్చించి వినిపించెను. డెబ్బదియైదేండ్ల గురువు చెవి యొగ్గి విని, "అబ్బోడా, తాళం బాగనే ఉండాది. కత యాడికి పాయ?" అని యడిగెను.

"ఏది తగ్గించాల్నో చెప్పు తాతా" అని కుఱ్ఱవాడు వినయముగనే యడిగెను. చరణ మెత్తుకొనునపుడు చెక్కలు తగ్గి, అదే క్షణమున వంత లేవవలెనని గురువు చెప్పెను. కుఱ్ఱవాని చేత నున్నది మౌస్. దానితో తెఱపై నొకసారి కొక మీటనే పట్టుట సాధ్యము. చెక్కలు తగ్గించి వంత దగ్గఱకు పోవులోపల చరణము సగము దాటిపోయెను. నాలుగు పర్యాయము లిట్లే జరిగినది. వాని నేర్పు లోపము గాదు. ఒక్క వ్రేలితో మద్దెల వాయింపుమన్నచో ఎవడు వాయించును?

మఱునాడు ఎవరో ప్రొద్దుటూరునుండి మీటల పలకను తెచ్చిరి. గురువు ఎడమచేతి వ్రేళ్లను చెక్కల మీటలపైనను, కుడిచేతి వ్రేళ్లను వంత మీటలపైనను ఉంచి కన్నులు మూసికొనెను. ఏబదియేండ్లు చెక్క పట్టిన చేతులు గదా, చరణము వచ్చుసరికి అవి తామే కదలినవి. మే మెవ్వరము తలంపని దొకటి యపుడు జరిగినది. వంత లేచిన తావులం దెల్ల ఆయన తన గొంతు మీటను గూడ తగ్గించెను. "నాది తగ్గినా నష్టం లేదు, పదిమందీ అందుకున్నట్టు వినపడాల, అది భజన" అనెను. ఆ మాట యే యంత్రగ్రంథమున నుండును?

ఇక పలక స్వరూపము. తఱచుగా నెనిమిది జారుడు మీటలు వరుసగ నుండును. తొమ్మిదవది మొత్తము ధ్వనిని హెచ్చించుటకు తగ్గించుటకు. జారుడు మీటను ఫేడర్ అందురు. ఒక్కొక్క మీట పైన త్రిప్పెడి మీటయు, ఆ వరుసను మూగవఱచు బటనును, దానినొక్కదానినే వినిపించు బటనును ఉండును. ప్రక్కన టేపురికార్డరునకు వలె పాడించుట, ఆపుట, వెనుకకు త్రిప్పుట, పట్టుట అను బటనులు గలవు.

ముఖ్యముగ తెలియవలసినది, ఈ పలకలో ధ్వని ప్రవహింపదు. సుంకేసుల యానకట్టు వద్ద తుంగభద్రను విడిచి కడప దాక వచ్చు కె.సి. కాలువను మీరందఱు నెఱుగుదురు. తూముపై నిలిచి షట్టరు చక్రమును త్రిప్పు లస్కరు చేత నొక్క నీటిబొట్టైన నుండదు. అతడు త్రిప్పును, క్రింద తలుపు లేచును, నీరు తన దారిని తాను పోవును. పలకపై మీటను జరపుటయు నట్టిదే. పాట కంప్యూటరులో నుండును. పలక పంపునది యాజ్ఞ మాత్రమే: మూడవ వరుసను ఇంత తగ్గింపుము, ఐదవదానిని ఇంత హెచ్చింపుము అని. ఈ యాజ్ఞల భాషకు మిడీ యని పేరు; 1983లో వాద్యయంత్రములు చేయువారు పలువురు కలిసి యేర్పఱచుకొన్నది. దాని సామాన్యమైన యాజ్ఞలలో విలువ 0 మొదలు 127 దాక మాత్రమే. మ్యాకీ కంట్రోల్ అను మాండలికమున జారుడు మీటల కంతకంటె చాల సన్నని మెట్లు గలవు. కావున ధ్వని మెట్టుమెట్టుగ గాక నున్నగా జారును. నేటి పలకలలో ననేకము ఈ మాండలికము నెఱిగినవే.

అమర్చుట కష్టము గాదు, కాని క్రమము తప్పరాదు. మొదట పలకను యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు కలిపి, దానికి కరెంటు ఈయవలెను. పలకను మ్యాకీ కంట్రోల్ రీతిలో నుంచవలెను. దీనికి కొన్ని పలకలలో నేదో యొక బటనును నొక్కిపట్టి కరెంటు వేయవలసియుండును, దానితో వచ్చు పొత్తములో నుండును. పిమ్మట మాత్రమే ధ్వనిలేఖన సాఫ్ట్‌వేరును తెఱవవలెను. ఏలయన, కొన్ని సాఫ్ట్‌వేరులు తాము తెఱుచుకొనునపుడు వాకిట నున్నవారిని మాత్రమే లోనికి పిలుచును. రీపర్ అనుదానిలోను ఆర్డోర్ అనుదానిలోను ప్రిఫరెన్సెస్ అను తావునకు పోయి, కంట్రోల్ సర్ఫేస్ ల పుటను తెఱచి, మ్యాకీ యనుదానిని ఎంచుకొనవలెను. అక్కడ పలక పేరు రెండు తావుల చూపవలసియుండును: ఇన్‌పుట్ ఒకటి, ఔట్‌పుట్ ఒకటి. మొదటిది పలక చెప్పగా కంప్యూటరు వినుటకు. రెండవది కంప్యూటరు చెప్పగా పలక వినుటకు. ఒక్కదానినే చూపి విడిచినవారికి మీట జరిపిన ధ్వని మాఱును గాని, పలకపై దీపములు వెలుగవు, మీటలు తామై కదలవు; అపుడు పలక చెడినదని అంగడికి మోసికొని పోదురు. మొదట ఈ రెండు తావులను సరిచూడుడు.

మీటలు తామై కదలుటేమని యడుగుదురేమో. వెలగల పలకలలో మీట మీటకు చిన్న మోటారు గలదు. మీరు పాట వినుచు మీటలను జరిపినంతయు కంప్యూటరు గుర్తు వ్రాసికొనును. మరల పాడించినపుడు మీటలు మీ వ్రేళ్లు పోయిన దారినే తామై పోవును. మొదటిసారి చూచిన మా యూరివారు దయ్యము పట్టినదనిరి. గుర్తు వ్రాసికొను రీతులలో మనకు కావలసినది టచ్ అనునది. వ్రేలు తాకియున్నంతసేపే క్రొత్త గుర్తు పడును. వ్రేలు తీసిన వెంటనే మీట పాత దారికి చేరును. రైట్ అను రీతి యొకటి గలదు. అది పాడుచున్నంత మేరయు పాత గుర్తులను చెఱిపి వ్రాయును. పెద్దల చేతికిచ్చునపుడు ఆ రీతి నుంచరాదు.

మోటారులేని చవుక పలకలును పనికి వచ్చును. అందొక చిక్కు. పలకపై మీట అడుగున నుండి, తెఱపై నదే మీట నడుమ నున్నదనుకొనుడు. వ్రేలు తాకగనే ధ్వని ఒక్కసారిగ పడిపోవును. పికప్ అను ఏర్పాటున్నచో నది యెంచుకొనవలెను. అపుడు మీ మీట తెఱమీది మీటను కలిసికొనుదాక ఏమియు జరుగదు, కలిసిన పిమ్మట చేయి చెప్పినట్లు వినును. వరుస లెనిమిదికి మించినచో బ్యాంక్ అను బటనును నొక్కవలెను. అవే మీటలు తొమ్మిదవ వరుస మొదలు పదునాఱవ దాక నేలును.

పెద్దలకు మీటపై చేయి వేయుటకు భయము. చెడిపోవునేమో యని. ఎంత మాత్రము చెడదు. పట్టిన ధ్వని పట్టినట్లే డిస్కులో నుండును. మీట చేయునది వినిపించు పాలు నిర్ణయించుటయే. నూఱుమారులు మార్చి నూఱుమారులు వెనుకకు తీసికొనవచ్చును.

అయితే దీనివలననే యొక భ్రమ పుట్టును. పాట పట్టునపుడు గొంతు మితిమీఱి లోనికి వచ్చి పగిలినచో, తరువాత ఫేడరును దించిన ఆ పగులు పోదు. పగిలిన ధ్వని చిన్నదిగా వినబడును, అంతే. లోనికి వచ్చు ధ్వనిని కొలుచునది మీటల పలక గాదు, మైకు తీగ చేరు ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెపై నుండు గెయిన్ మీట. తూము తలుపు ఎంత దించినను పైన తెగిన కట్ట పూడదు గదా. గురువు అన్నిటికంటె గట్టిగ పాడు చరణమును ముందుగ పాడించి, తెఱపై కొలత మైనస్ 12 ప్రాంతమున నుండునట్లు గెయిన్ నమర్చుడు. సున్న నంటరాదు. 24 బిట్ల రీతిలో సెకనుకు 48,000 మారులు కొలుచునట్లు పట్టినచో, ఇంత తగ్గించి పట్టినను సన్ననితనము చెడదు.

మన ఇండ్ల సంగతియు చెప్పవలెను. కడప బండలు పఱచిన యిల్లు వేసవిలో చల్లన. పాట పట్టుటకు మాత్రము శత్రువు. ధ్వని బండపై పడి ఎగిరి మరల మైకులో చొచ్చును. నాలుగు గొంగళ్లు క్రింద పఱచి, రెండు గోడకు వ్రేలాడదీసిన చాలును. వేల రూపాయల పని తీఱును. ఫ్యానులాపుడు. బోరు మోటారు నడుచువేళ వలదు. కరెంటు ఎప్పుడు పోవునో తెలియదు గాన ల్యాప్‌టాపును ముందే నింపియుంచుడు. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల వంటి తావుల బండల పొడి, మన యెఱ్ఱదుమ్ము, మీటల సందులలో చేరినచో జారుడు గరగరలాడును, మోటారులు మొండికెత్తును. పని కాగానే పలకపై తడి లేని గుడ్డ కప్పుడు. నూనె వేయవలదు.

మీటల క్రింద తెల్లని కాగితపు పట్టీ నంటించి తెలుగున పెద్దయక్షరములతో వ్రాయుడు: గురువు, వంత, మద్దెల, చెక్కలు అని. ఒకటి రెండు మూడు అంకెలు వ్రాసిన కుఱ్ఱవానికి చాలును, గురువునకు చాలవు. తెఱను అతనికి ఎదురుగ నుంచవలదు. కంటికి పని కలిగిన చెవి మందగించును. కుఱ్ఱవాడు ప్రక్కన కూర్చుండి ఆపుట, వెనుకకు త్రిప్పుట చూచుకొనును. చెవులపై హెడ్‌ఫోను పెట్టుకొనుటకు ముసలివారు ఇష్టపడనిచో బలవంతపెట్టక, రెండు స్పీకరులను ఆయనకు ఆఱడుగుల దూరమున, చెవుల యెత్తున నుంచుడు.

మఱియొకటి. ఎఱ్ఱ బటనును నొక్కిన వెంటనే పాట నెత్తుకొనవలదని చెప్పుడు. మొదట గురువు తన పేరు, ఊరు, ఈ పాట ఎవరి యొద్ద నేర్చినది, నేటి తేదీ తన నోటితో చెప్పవలెను. చెప్పి, ఒక గుక్క నీళ్లు త్రాగి, అప్పుడు తాళ మందుకొనుమనుడు.