రాతికి పదును పెట్టిన చెయ్యి తక్కువదెట్లా అవుద్ది?
(వాడలో జరిగిన సభలో మేం చేసిన ప్రసంగ పాఠం)



తెలివి వాళ్ళదంట, చాకిరీ మనదంట. తరతరాలుగా ఈ మాట వింటున్నాం. ఇది నిజమో అబద్ధమో ఇయాళ రాళ్ళనే అడుగుదాం.

ఆఫ్రికాలో కెన్యా దేశం ఉంది. అక్కడ తుర్కానా సరస్సుకి పడమట, లోమెక్వి అనే చోట 2011లో రాతి పనిముట్లు బయటపడ్డాయి. వాటి వయసు 33 లక్షల ఏళ్ళు. అప్పటికి మన మనిషి జాతే పుట్టలేదు. వేదం లేదు, వర్ణం లేదు, పని మాత్రం ఉంది. రాయిని రాయితో కొడితే పెచ్చు లేస్తుంది. ఎక్కడ కొట్టాలో, ఏ వాటంగా కొట్టాలో తెలిస్తేనే పదునైన అంచు వస్తుంది. తెలియకపోతే రాయి పాడవుద్ది. మరి ఇది తెలివి కాదా?

ఇంకో సంగతి వినండి. ఇథియోపియా దేశం దక్షిణాన కొన్సో అనే ప్రాంతం ఉంది. సుమారు 17 లక్షల 50 వేల ఏళ్ళ నాటి చేగొడ్డళ్ళు అక్కడి నేలలో దొరికాయి. అదే కొన్సోలో మన కాలంలో కూడా రాతి పనిముట్లు చేసినవాళ్ళున్నారు. ఎవరనుకున్నారు? తోలు పని చేసే ఆడవాళ్ళు! చెకుముకి జాతి రాళ్ళు ఏరి తెస్తారు. పెచ్చులు కొట్టి, చెక్క పిడికి చెట్టు బంకతో అతికించి, పశువు తోలు గీకుతారు. మొద్దుబారితే మళ్ళీ చెక్కుతారు. చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది.

రాతియుగం అనగానే పుస్తకాల్లో మగవాడి బొమ్మే వేస్తారు. ఈ ఆడవాళ్ళ నేర్పు చూసి, ఆ బొమ్మ తప్పని క్యాథరిన్ ఆర్థర్ అనే పరిశోధకురాలు 2010లో రాశారు. దేశాలు దాటి వచ్చిన పండితులు వాళ్ళ దగ్గర కూర్చుని పాఠం నేర్చుకున్నారు. ఊళ్ళో సేద్యగాళ్ళు మాత్రం వాళ్ళని తక్కువగా చూశారు, వాళ్ళతో పెళ్ళి సంబంధాలు కలుపుకోలేదు.

ఈ కథ మనకి కొత్తదా? మన లందలు, తంగేడు చెక్క, ఆరె, రంపె కూడా శాస్త్రమే. పచ్చి తోలు కుళ్ళకుండా చేసే విద్య మన తాతలది. చెప్పులు తొడుక్కున్నోళ్ళు ఆ విద్యని అంటు అన్నారు.

అట్లాగని తోలు పనిలోనే ఉండిపొమ్మని మేం అనటంలా. మన పిల్లలు ఏ చదువైనా చదవాలి, ఏ కుర్చీలోనైనా కూర్చోవాలి. అయితే తలొంచుకుని కాదు. మన పెద్దలు బతికుండగానే వాళ్ళ పనితనాన్ని అడిగి, నోటు పుస్తకంలో రాసి పెట్టండి. మన చరిత్ర మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

జై భీమ్!