మందు రాసేముందు అడగండి

 

ఇంట్లో ఎవరైనా జూదానికి అలవాటుపడితే ‘వాడి బుద్ధే అంత’ అంటాం. ఆ మాట అనేముందు పార్కిన్సన్స్ రోగులను తలచుకోండి. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఆ జబ్బుకు మందులు వాడుతూ జూదం పిచ్చిలో పడిన 11 మంది గురించి రాశారు. వారిలో 9 మంది వాడింది ప్రామిపెక్సోల్ అనే మందు. మందు తగ్గించాక లేదా మాన్పించాక పలువురిలో ఆ పిచ్చి వదిలిపోయింది. మరి చెడింది బుద్ధి ఎలా అవుతుంది?

పార్కిన్సన్స్‌లో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. ఆ లోటు పూడ్చడానికి ఇచ్చే ఈ మందు, కాళ్లూచేతుల కదలికతో ఆగక, కోరికను నడిపే మెదడు భాగాలనూ తాకుతుంది. డోపమిన్ అంటే ఆనందమే అనుకుంటారు చాలామంది. నాడీ శాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల్లో గమనించింది వేరు. అనుకోకుండా పండ్లరసం దొరికితే డోపమిన్ కణాలు చెలరేగాయి. దీపం వెలిగితే రసం వస్తుందని కోతికి తెలిశాక, దీపానికే చెలరేగాయి, రసానికి కాదు. రావాల్సిన రసం రాకపోతే ఆ క్షణానే చల్లబడ్డాయి. రమ్మీ యాప్ నుంచి మోగే నోటిఫికేషన్ అలాంటి దీపమే. అప్పులపాలైన మనిషికి ఆటలో సుఖం పోయినా, ఆడాలన్న తపన పోదు.

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపు మీ దగ్గరికి ఈ మందు వాడుతున్న ఒక పెద్దాయన వస్తారు. చేతి వణుకు గురించి చెబుతారు, జూదం కోసం పొలం తాకట్టు పెట్టిన సంగతి చెప్పరు. పిల్లలకు తెలిసినా, ఈ వయసులో ఇదేం బుద్ధి అని తిడతారే తప్ప మందుతో ముడిపెట్టరు. అందుకే మందు రాసే రోజునే ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి చెప్పండి: “పేకాట, పందేలు, అదేపనిగా కొనడం, తినడం, కామవాంఛ మితిమీరడం కొత్తగా మొదలైతే దాచకండి. మందు వల్ల కావచ్చు.” ఒక్కసారిగా ఆపొద్దనీ చెప్పండి, నరాల వైద్యులే మెల్లగా తగ్గించాలి. వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడగండి.

ఏ మందూ వాడకుండానే సారాకో, బెట్టింగ్‌కో చిక్కినవాళ్లకు మాత్ర ఆపితే తీరే దారి లేదు. మానతారు, మళ్లీ జారతారు, మళ్లీ వస్తారు. ఒక్కసారి ఛీ కొట్టామా, ఇక రారు. వాళ్ల చీటీ మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు.