సి డ్రైవ్ నిండిపోయిందా? ఆ ఒక్క టిక్ చూసుకోండి

సి డ్రైవ్ ఎర్రగా మారిపోయి, అప్‌డేట్ కూడా ఎక్కట్లేదా? క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వెతక్కండి. పని విండోస్‌లోనే అయిపోతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ ఓపెన్ చేయండి.

అక్కడ 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' కనిపిస్తే, అది పాత విండోస్ కాపీ. ఒక్కోసారి 10 జీబీ పైనే ఉంటుంది. కొత్త వెర్షన్ బాగా నడుస్తుంటే తీసేయండి. తీసేశాక మాత్రం పాతదానికి వెనక్కి వెళ్లలేం.

ఇప్పుడు అసలు విషయం. అదే లిస్టులో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. అది చెత్త కాదండీ! మా నాన్న లాప్‌టాప్‌లో నేను చూసుకోకుండా అన్నిటికీ టిక్ పెట్టేశాను. వాట్సాప్ వెబ్‌లోంచి దించుకున్న అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇక్కడ డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌కి వెళ్లవు, నేరుగా పోతాయి. నాన్న తిట్టలేదు. "ఇంజినీరువి కదా, నీకు తెలుసనుకున్నా" అన్నారు, అంతే.

అందుకే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. సైజు ప్రకారం సార్ట్ చేసి, కావాల్సినవి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయినవి ఒకసారి తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే టిక్. మళ్లీ వచ్చే వీడియోలో కలుద్దాం, ఉంటాను.