మన పాస్‌పోర్టు ఎవరిది?

ఇవాళ సెలవు ఉన్నోళ్లు వంట చేసుకుంటూ వినండి, డ్యూటీలో ఉన్నోళ్లు రూముకొచ్చాక వినండి.

గల్ఫ్‌లో మనోళ్లు ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "కంపెనీ నా పాస్‌పోర్టు తీసి లోపల పెట్టింది. అది నాదా, కంపెనీదా?" రెండూ కాదు. అది భారత ప్రభుత్వం ఆస్తి. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ఆ మాటే చెప్తుంది, మీ పాస్‌పోర్టు లోపల కూడా అచ్చేసి ఉంటది. అంటే దాన్ని తాకట్టు లెక్క బీరువాలో దాచుకునే హక్కు ఏ ముదీర్‌కీ లేదు.

ఈ చట్టం ఎట్లా వచ్చిందో చెప్తాను, ఎందుకంటే దాని వెనక మన తెలుగాయన ఉన్నాడు. 1967కి ముందు మన దేశంలో పాస్‌పోర్టుకి సరైన చట్టమే లేదు. ఆఫీసరు ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకి పోయాడు. పాస్‌పోర్టు ఇవ్వడం మా ఇష్టం, అది ఎవరి హక్కూ కాదని ప్రభుత్వం వాదించింది. అప్పటి చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు, రాజమండ్రిలో పుట్టినాయన, 1967 ఏప్రిల్ 10న తీర్పు చెప్పారు: విదేశానికి పోవడం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపలేరు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఒక్క ఓటు అటు పడి ఉంటే కథే వేరు! రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడడానికి ఆయన ఆ వెంటనే పదవి వదిలేశారు. ఆ ఏడాది జూన్‌కల్లా పార్లమెంటు చట్టం చేసింది.

తర్వాత 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కున్నారు. కారణం చెప్పమంటే "ప్రజల ప్రయోజనం" అన్నారు, వివరం ఇవ్వమన్నారు. 1978 జనవరి 25న కోర్టు ఏమన్నదంటే, చట్టం ఉంటే చాలదు, పద్ధతి న్యాయంగా ఉండాలి, మనిషి మాట వినాలి. నిజానికి ఆ రోజు ఆమె చేతికి పాస్‌పోర్టు రాలేదు, కోర్టు రిజిస్ట్రార్ దగ్గరే ఉంచారు. కానీ లాభం మనకొచ్చింది.

ఊళ్లో కేసు ఉన్నోళ్లకి ఇది పనికొస్తుంది. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపే అధికారం ఆఫీసుకి ఉంది, కాదనను. కానీ కారణం రాసిపెట్టాలి. మామూలుగా అయితే అడిగితే కాపీ ఇవ్వాలి, అప్పీలు కూడా ఉంది. గడువు చిన్నది, లెటర్ రాగానే వకీలుకి చూపించండి. కేసు నడుస్తున్న కోర్టు పర్మిషన్ ఇస్తే పాస్‌పోర్టు దొరుకుతుంది.

ఇక ఇక్కడి సంగతి. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న లేబర్ చట్టం, పనోడి కాగితాలు యజమాని పట్టుకోకూడదంటుంది. ఖతర్‌లో 2015 చట్టం ప్రకారం 25,000 రియాళ్ల దాకా జరిమానా. అయినా పట్టుకుంటున్నారు, మనకి తెల్సు. "సేఫ్టీ కోసం" అంటారు. సేఫ్టీ అయితే అడిగిన రోజే ఇవ్వాలి కదా?

ముందు వాట్సాప్‌లోనైనా రాసి అడగండి, నోటితో కాదు. ఆ మెసేజ్ తుడిచెయ్యకండి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు ఫొటో తీసి ఇంటికి పంపండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో కంప్లైంట్ చెయ్యండి, ఎంబసీకీ చెప్పండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి.