లూసియానావారి రొయ్యల అన్నము



నేటి నా ప్రసంగము వంటను గూర్చినది. పెద్దలు కూర్చుండి వినుచుండగా వంటను గూర్చి చెప్పవలసినదేమున్నదని కొందరు తలపవచ్చును. నలుడును భీముడును పురుషులే గదా యని మనవిచేసి ముందునకు సాగెదను. అదియునుగాక, నేడు మన గ్రామములలో పిల్లలు పట్టణములకో పరదేశములకో పోగా వృద్ధదంపతులు మాత్రమే మిగిలిన యిండ్లు పెక్కులున్నవి. ఇద్దరికొరకు మూడు పొయ్యిలు వెలిగించుటకు ఓపికలేక పచ్చడి మెతుకులతో ప్రొద్దుపుచ్చువారిని నేనెరుగుదును. అన్నమును కూరయును ఒక్క పాత్రలో ఒక్కమారే సిద్ధమగు వంట అట్టివారికి ఉపకరింపగలదు. శాకాహారులగు వారు వంటను విడిచి కథను వినవలెనని ప్రార్థన.

మా అమ్మాయి కాపురము అమెరికాలోని లాఫయెట్ పట్టణమున నుండుటచే నేను రెండు శీతకాలములు అచ్చట గడిపితిని. ఆ పట్టణము లూసియానా రాష్ట్రమున దక్షిణభాగమున నున్నది. మిసిసిపీ మహానది సముద్రమున గలియునది ఆ రాష్ట్రముననే. పల్లపు నేలలు, వరిచేలు, ఉప్పుటేరులు, రొయ్యల పడవలు, కార్తెకార్తెకు తుపాను భయము—ఇవియన్నియు చూచినపుడు కృష్ణా గోదావరుల మధ్య పుట్టినవానికి పరదేశమునకు వచ్చితినన్న తలంపు కొంత తగ్గును. అచ్చటి పల్లెలలో తరతరములుగా నున్న ఫ్రెంచి సంతతివారిని కేజనులందురు. వారు బియ్యమును, రొయ్యలను, మాంసమును ఒక్క యినుప పాత్రలో వండు అన్నమునకు జంబలాయా యని పేరు.

కేజనులన్న పేరు అకాడియనులన్న మాటకు వికృతి. వీరి పూర్వులు పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సునుండి బయలుదేరి, నేడు కెనడాలో నోవాస్కోషియా యనబడు సీమకు పోయి, నాడు అకాడియా యనబడిన అచ్చటనే కాపురముండిరి. సముద్రపు పోటునీరు ముంచు నేలలకు మట్టికట్టలు వేసి, కట్టక్రింద కొయ్యతూములు పెట్టిరి. తూమున నొక తలుపు వ్రేలాడుచుండును. వాననీరు లోపలినుండి త్రోసినపుడు అది తెరచుకొనును. పోటు వచ్చినపుడు ఉప్పునీటి బలమునకు తనంతట తానే మూసికొనును. రెండు మూడేండ్ల వానలకు ఉప్పు కడుగుకొనిపోయి ఆ నేల బంగారము పండెడిది. చౌడునేలతో పెనగులాడిన మన తీరపు రైతులకు ఆ శ్రమ యెట్టిదో నేను చెప్పనక్కరలేదు.

ఆ సీమ ఇంగ్లీషువారి వశమైన తరువాత, ఫ్రెంచివారితో యుద్ధము వచ్చినచో ఇంగ్లండు రాజు పక్షమున నుందుమని ఎట్టి మినహాయింపును లేక ప్రమాణము చేయుడని వారిని నిర్బంధించిరి. వారు సమ్మతింపలేదు. 1755 సంవత్సరమున వారి యిండ్లు తగులబెట్టి, ఆలుబిడ్డలతో ఓడలనెక్కించి పలుదిక్కులకు పంపివేసిరి. ఎనిమిదేండ్లలో పదివేలకు మించిన జనులు అట్లు వెడలగొట్టబడిరి. ఓడలలో వ్యాధులచే చచ్చినవారెందరో, భార్యాభర్తలు వేరువేరు రేవులు చేరినవారెందరో. 1942లో బర్మానుండి అడవులవెంట కాలినడకను వచ్చిన మనవారి మాటలు విన్నవారికి ఈ దుఃఖము క్రొత్తది కాదు. ఆ నిర్వాసితులలో కొందరు 1764, 1765 సంవత్సరములు మొదలుకొని లూసియానా చేరిరి. 1785లో ఫ్రాన్సునుండి ఏడు ఓడలలో సుమారు పదునారు వందలమంది మరల వచ్చిరి. వారికి మిగిలినవి చిత్తడినేలలు, బాటలేని అడవులు. అచ్చట దొరకినదానినే వండుకొని బ్రదికిరి.

ఇచ్చట మరియొక మాట మరువరాదు. ఆ దేశమునకు వరిసేద్యము నేర్పినవారిలో ఆఫ్రికానుండి బానిసలుగా కొనితేబడిన జనులు ముఖ్యులు. వరి యెరిగిన మనుష్యులను, విత్తనపు వడ్లను తీసికొనిరండని ఫ్రెంచి ఓడలవారికి ఆజ్ఞ యుండెను. అట్టి ఓడలు 1719లో లూసియానాకు చేరినవి. పశ్చిమాఫ్రికాలో నేటికిని జోలోఫ్ అను పేర ఒక్క పాత్రలో వండు అన్నమునకును జంబలాయాకును పోలిక స్పష్టముగా నున్నది. స్పెయినువారి పయేల్యా యన్నముతోడను పోలిక చెప్పుదురు. ఎవరి సొత్తని వాదించుటకంటె, దుఃఖముతో వచ్చినవారందరి చేతులును ఆ కుండలో పడినవనుట న్యాయము.

ఇక వంట చెప్పెదను. ఇది నాకు నేర్పినవాడు మా అమ్మాయి యింటి ప్రక్కనున్న ఒక వృద్ధుడు; పడవపని విడిచి విశ్రాంతిలో నున్నవాడు. నలుగురైదుగురికి రెండు సోలల బియ్యము, అరకిలో రొయ్యలు, రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక బుట్టమిరప, రెండు సెలెరీ కాడలు, నాలుగు వెల్లుల్లి రేకలు కావలెను. సెలెరీ యనునది కొత్తిమీర జాతికి చెందిన కాడకూర. ఉల్లి, బుట్టమిరప, సెలెరీ—ఈ మూటిని వారు పవిత్రత్రయమని వేడుకగా పిలుతురు. మనకు పోపుడబ్బా యెట్టిదో వారికి ఈ మూడును అట్టివి. మిరియాల పొడి, ఎండుమిరప పొడి, థైము అను ఎండిన ఆకు, ఒక లారెలు ఆకు, ఉప్పు, నూనె యుండవలెను. వారు పొగబెట్టిన పందిమాంసపు సాసేజి ముక్కలను గూడ వేయుదురు. అక్కరలేనివారు కోడిమాంసము వేసికొనవచ్చును. రొయ్యలు మాత్రమే వేసినను లోపములేదు.

మొదట రొయ్యల తలలును పొట్టును తీసి, వీపున నున్న నల్లని నరమును లాగివేయవలెను. తలలను పొట్టును పారవేయరాదు. వానిని నాలుగు సోలల నీటిలో ఇరువది నిమిషములు మరగించి వడగట్టినచో మంచి రసము వచ్చును. అన్నమునకు రుచి యంతయు ఆ రసముననే యున్నది.

దళసరి యడుగుగల ఇనుప పాత్రను పొయ్యిమీద నుంచి నూనె వేసి, మాంసము వేయదలచినవారు మొదట దానిని ఎర్రగా వేయించి తీయవలెను. పిమ్మట ఉల్లిపాయలు వేసి, తొందరపడక, గోధుమవన్నె వచ్చువరకు వేయింపవలెను. అడుగున అంటినచో జంకక రెండు చెంచాల రసము చల్లి, కొయ్య గరిటెతో గీకి కలుపవలెను. ఆ యంటిన గోధుమవన్నె మడ్డియే అన్నమునకు రంగునిచ్చునది. కేజనుల పల్లెవంటలో టమాటా వేయరు. న్యూ ఆర్లియన్సు నగరమున క్రియోలులు వేసి ఎర్రగా వండుదురు. ఉల్లి వేగిన తరువాత మిరప, సెలెరీ, వెల్లుల్లి, పొడులు వేసి, కడిగి ఓడ్చిన బియ్యమును అందు మూడు నిమిషములు త్రిప్పవలెను. అప్పుడు తీసియుంచిన మాంసమును, మరుగుచున్న రసమును మూడు సోలలు పోయవలెను. పాత బియ్యమైనచో మరికొంచెము పట్టును. రసమును నాలుకపై వేసి చూచినపుడు ఉప్పు కొంచెము ఎక్కువగా తోపవలెను. బియ్యము దానిని పీల్చుకొనిన పిదప సరిపోవును.

ఒక పొంగు రాగానే సెగ తగ్గించి మూత బిగువుగా పెట్టవలెను. పదునైదు నిమిషములవరకు మూత తీయరాదు, గరిటె పెట్టరాదు. కలిపినచో మెతుకు విరిగి గంజియగును. ఆ పిమ్మట ఉప్పు, మిరియము పట్టించిన రొయ్యలను పైన పరచి మరల మూతపెట్టి, అయిదారు నిమిషములకు పాత్రను దింపి, మూత తీయకయే పదినిమిషములు ఉంచవలెను. రొయ్య కొడవలివలె వంగినచో ఉడికినది. ఉంగరమువలె చుట్టుకొనినచో ముదిరి రబ్బరువలె సాగును. కడపట ఉల్లికాడల తరుగు చల్లి అట్టడుగునుండి ఒక్కమారు మెల్లగా ఎత్తి కలుపవలెను.

మన యూళ్లలో సెలెరీ దొరకదు. దానికి బదులుగా కొత్తిమీర కాడలను సన్నగా తరిగి, చిటికెడు వాము వేసికొంటిని. అది సెలెరీ రుచి కాదు. అయినను నోటికి హితముగానే యున్నది. మిరప విషయమున ఒక్క మాట. పాల్ ప్రుధోమ్ అను కేజను వంటవాడు న్యూ ఆర్లియన్సులో 1979లో భోజనశాల తెరచి, 1984లో పుస్తకము వ్రాసి, తనవారి వంటకు లోకమున పేరు తెచ్చెను. అప్పటినుండి కేజను వంట యన్నచో నోరుమండు వంట యని చాలమంది తలంతురు. ఇండ్లలో వండునది అంత కారము కాదు. గుంటూరు కారము తినినవారికి చప్పగానే తోచును.

ఆ ప్రాంతపు రైతులు చేయు మరియొక పని మీకు నచ్చునని చెప్పుచున్నాను. వరి కోసిన తరువాత చేలకు మరల నీరుపెట్టి, అందు క్రాఫిష్ అను మంచినీటి జీవిని పెంచుదురు. అది చిన్న గోళ్లుగల రొయ్యవలె నుండును. దానికి వేరుగా మేత వేయరు. కోసిన మోళ్లు చిగిర్చి, కుళ్లి, నీటిలో పుట్టు పురుగులును అవియును దానికి ఆహారము. శీతకాలమునుండి వసంతమువరకు తీగెబుట్టలు పెట్టి పట్టుదురు. ఒక్క నేలలో ఏటికి బియ్యము, కూర రెండును వచ్చును.

ఇంతవరకు కుండలోని రొయ్యను గూర్చి చెప్పితిని. ఆ రొయ్య ఎవరిదన్న ప్రశ్న యొకటి యున్నది. నాకు వంట నేర్పిన వృద్ధుడు ఒకనాడు, “మీ సీమ చెరువుల రొయ్య వచ్చినది మొదలు నా పడవకు డీజెలు ఖర్చు గూడ రాలేదయ్యా” యనెను. కోపముతో అన్నమాట కాదు; గరిటె త్రిప్పుచు అనెను. అతని మాట యథార్థము. అమెరికనులు తిను రొయ్యలలో మిక్కిలి భాగము పరదేశములనుండి వచ్చునదే. మనదేశమున 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట ఆంధ్ర తీరమున చెరువులు విస్తరించినవి; మన సరకునకు అమెరికా పెద్ద సంత యైనది. అచ్చటి పడవలవారు మొరపెట్టుకొనగా 2005లోనే ఆ ప్రభుత్వము మన రొయ్యపై ప్రత్యేక సుంకము వేసినది. 2025 ఆగస్టులో భారతదేశపు సరకులపై సుంకము నూటికి 50 వరకు పెరిగినపుడు భీమవరము ప్రాంతమున చెరువుగట్టుమీద రైతు ధర పడిపోయినది. సుంకము తగ్గినచో అచ్చట పడవ రేవునకు కట్టబడును. పెరిగినచో ఇచ్చట చెరువు ఎండగట్టబడును. ఇద్దరును అప్పుచేసి బ్రదుకు గృహస్థులే. ఇద్దరి ధరయు వారి చేతిలో లేదు. నేనతనికి మన రైతు కష్టము చెప్పితిని. అతడు విని, “అయినచో అతడును నావంటివాడే” యనెను.

ఈ సమస్యకు తీర్పు చెప్పుట నావంటివాని వశము కాదు. కాని ఎదుటివాని ముఖమెరిగి బేరమాడుట ఒకటి, ఎరుగక తిట్టుకొనుట ఒకటి. 2005లో కట్రీనా తుపాను లూసియానాను ముంచినపుడు అచ్చటి పల్లెవారు తమ చిన్న పడవలనే వేసికొనిపోయి వేలమందిని మిద్దెలపైనుండి దింపిరి. 1977లో దివిసీమ ఉప్పెన చూచినవారికి ఆ పడవల విలువ తెలియును.

కేజనుల భాషకును ఒక కష్టము కలిగినది. 1921లో రాష్ట్రపు రాజ్యాంగము బడులలో ఇంగ్లీషు మాత్రమే బోధింపవలెనని శాసించినది. బడిలో ఫ్రెంచి పలికిన బాలురను శిక్షించిరి. 1968లో ఆ భాష నిలుపుటకు ప్రభుత్వమే ఒక సంస్థను స్థాపించినది గాని, అప్పటికే ఒక తరము తల్లిదండ్రులు బిడ్డలతో ఆ భాష మాటలాడుట మానిరి. ఆ వృద్ధుని మనుమలకు తాతభాష రాదు. తాతవంట మాత్రము వచ్చును. “కుండ నిలుపుకొంటిమి, మాట పోగొట్టుకొంటిమి” అని అతడు నాతో అనెను.

పరదేశముననున్న మన మనుమలు సెలవులకు వచ్చినపుడు ఈ వంట చేసిపెట్టుడు. వారికి అది పరిచితమైన రుచి కావచ్చును. అయితే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఉల్లి తరుగునది మొదలు మూత దింపువరకు, జరుగునదంతయు తెలుగుననే చెప్పుడు. వంట ముగియుటకు గంటకాలము పట్టును. గంటకాలము తెలుగు వినిన బిడ్డకు పది మాటలైనను మిగులును.