గుత్తి నుంచి న్యాయపీఠానికి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడిలో చదివినవాళ్లు టీచర్లయ్యారు, రైల్వేలో చేరారు, ఇంజనీర్లయి బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడ్డారు. పదో తరగతి పిల్లల్ని ఏమవుతారని అడిగితే కలెక్టరనో, పోలీసనో, డాక్టరనో చెబుతారు. జడ్జి అవుతానని చెప్పేవాళ్లు అరుదు. అది పెద్ద ఊళ్లలో, ఇంగ్లీషు బడుల్లో చదివిన వాళ్లకే అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ మాటలో ఎంత నిజముందో ఈరోజు కాస్త చూద్దాం.

న్యాయస్థానం అనేది మన ఊరికి పరాయిది కాదు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. తరువాత ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ కృషితో, 1816లో మద్రాసు రాజధానిలో గ్రామ మున్సిఫులకు, జిల్లా మున్సిఫులకు అధికారాలిస్తూ రెగ్యులేషన్లు వచ్చాయి. ఊరి తగాదాను ఊరి సంగతి తెలిసినవాడు, ఊరి భాష వచ్చినవాడు తీర్చాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ మన్రో 1827లో పత్తికొండలో కన్నుమూస్తే మొదట సమాధి చేసింది గుత్తిలోనే. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ సభకు వెళ్లిన పి. కేశవ పిళ్లె గుత్తి ప్లీడరే.

ఆనాటి జిల్లా మున్సిఫు ఉద్యోగమే తరువాత మున్సిఫ్ మేజిస్ట్రేట్ అయింది, జూనియర్ సివిల్ జడ్జి అయింది, ఇప్పుడు సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్). రెండో జాతీయ న్యాయ వేతన సంఘం సిఫారసుల ప్రకారం ఈ హోదాలో మూలవేతనం రూ.77,840 దగ్గర మొదలవుతుంది. రాజ్యాంగం 234వ అధికరణం కింద జరిగే ఈ నియామకాలకు మన రాష్ట్రంలో పరీక్ష పెట్టేది హైకోర్టు. లా డిగ్రీ కావాలి. ఇంటర్ తరువాతైతే ఐదేళ్లు, డిగ్రీ తరువాతైతే మూడేళ్లు. రెండింటికీ లాసెట్ ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే న్యాయశాస్త్రం చదువుకోవచ్చు.

ఇటీవలి నోటిఫికేషన్లు చూస్తే పరీక్ష మూడు మెట్లుగా ఉంటోంది. మొదటిది స్క్రీనింగ్. కంప్యూటర్ మీద 100 ప్రశ్నలు, 2 గంటలు. అది దాటితే రాత పరీక్ష. సివిల్ చట్టాలు, క్రిమినల్ చట్టాలు, ఇంగ్లీషు అని మూడు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులకు. ఆ తరువాత మౌఖిక పరీక్ష. ఇంగ్లీషు పేపరులో వ్యాసంతో పాటు అనువాదం కూడా ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా భయపడేది ఆ ఇంగ్లీషు పేపరుకే. కానీ అనువాదంలో మనకు దక్కిన సౌకర్యం ఒకటుంది. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్న కాగితాలు తీసి చూడండి. భాగపరిష్కార దస్తావేజు, స్వాధీన తనఖా, క్రయ ఒప్పందం, అడంగల్. చెక్కుబందీ దగ్గరికి వస్తే తూర్పున ఫలానా వారి మెట్ట, పడమర రస్తా, ఉత్తరాన వంక, దక్షిణాన మా సొంత భూమి అని ఉంటుంది. ఈ మాటలు పట్నం పిల్లవాడు పుస్తకంలో బట్టీ పట్టాలి. మన పిల్లలు తాతల నోట వింటూ పెరిగారు. వాటిని సరైన ఇంగ్లీషులోకి మార్చడం సాధన చేస్తే వచ్చే విద్య. రోజుకు ఒక పేజీ చొప్పున ఏడాది చేసినవాడికి ఆ పేపరు గండం కాదు.

చట్టాల సంగతికి వస్తే, గైడ్ల కన్నా ముందు చదవాల్సింది మూల చట్టం. సెక్షను చదివి పుస్తకం మూసి, మన అవ్వకు చెప్పినట్టు సొంత మాటల్లో చెప్పగలగాలి. ఉదాహరణకు ఒక రైతు బోరు వేయడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుని ప్రాంసరీ నోటు రాసిచ్చాడనుకుందాం. మూడేళ్ల రెండు నెలలకు అప్పిచ్చినాయన దావా వేశాడు. నోటు వెనక, మూడేళ్లు నిండకముందు కొంత చెల్లించినట్టు రైతు సంతకంతో చెల్లు రాసి ఉంది. దావాకు కాలదోషం పట్టిందా? 1963 లిమిటేషన్ చట్టంలో మూడేళ్ల గడువు ఎక్కడుందో, 19వ సెక్షను ప్రకారం ఆ చెల్లు వల్ల గడువు మళ్లీ ఎలా మొదలవుతుందో తెలియాలి. ప్రతిఫలం ముట్టిందని కోర్టు మొదట భావించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను తెలియాలి. రైతుకు వడ్డీ విషయంలో ఊరటనిచ్చే 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం గుర్తుకు రావాలి. ఒక్క బోరు అప్పులో మూడు చట్టాలున్నాయి. ఇలాంటి వ్యవహారాలు మన ఊళ్లో వీధికొకటి.

ఆడపిల్లల ఆస్తి హక్కూ అంతే. మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కేంద్ర చట్టం ఆ పని చేసింది 2005 సెప్టెంబరు 9న. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. ఈ వరస తెలిస్తే భాగాల దావా ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది.

క్రిమినల్ పేపరుకు చదివేవాళ్లు 2024 జులై 1 నుంచి వచ్చిన మార్పును గమనించాలి. భారతీయ శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. ఎఫ్ఐఆర్‌కు సంబంధించిన 154, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173. అయినా పాత పుస్తకాలు పారేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షా స్మృతే వర్తిస్తుంది కాబట్టి కొన్నేళ్లపాటు రెండూ చదవక తప్పదు.

ఇంకొక మాట పిల్లలకు. కోర్టు హాలులో ఎవరైనా వెనక కూర్చుని వినవచ్చు. విచారణ బహిరంగంగా జరగాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షను చెబుతోంది. సెలవుల్లో ఒక పూట వెళ్లి, సాక్షిని ఎలా అడుగుతారో, జడ్జి ఏది రాసుకుంటారో చూడండి.

ఇక అసలు కష్టం గురించి చెప్పాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు, ఈ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న నియమాన్ని మళ్లీ తెచ్చింది. 1993లో ఉన్న నిబంధన 2002లో పోయింది, ఇప్పుడు తిరిగి వచ్చింది. ఫ్రాన్సులో చదువు ముగియగానే పరీక్ష రాసి, బోర్డో నగరంలోని జాతీయ న్యాయ శిక్షణాలయంలో చేరి జడ్జిలవుతారు. ఇంగ్లండులో ఏళ్ల తరబడి వకీలుగా పనిచేసిన వాళ్లనే తీసుకుంటారు. మన దేశం ఈ రెండు దారుల మధ్య నడుస్తోంది. కోర్టు పని చూసినవాడే మంచి జడ్జి అవుతాడన్న వాదనలో బలం ఉంది. నేను దాన్ని కాదనను.

కానీ ఆ మూడేళ్లు ఎవరి ఖర్చుతో? చిన్న ఊళ్లో కొత్త జూనియరుకు చేతికొచ్చేది చాలాసార్లు బస్సు చార్జీలే. జూనియర్లకు పల్లె ప్రాంతాల్లో నెలకు కనీసం రూ.15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సూచన మాత్రమే, హక్కు కాదు. వేరుశెనగ పంట ఎండిపోయిన ఇంట్లో, లా చదివిన కొడుకు ఇంకో మూడేళ్లు సంపాదన లేకుండా ఉంటానంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? కూతురైతే ఆ మూడేళ్లలోనే పెళ్లి చేసి పంపేస్తారు. తెలివి ఉండి కూడా దారిలో ఆగిపోయేది వీళ్లే. వీళ్లు ఆగిపోతే, మన భాష, మన భూమి తెలిసినవాళ్లు ఆ కుర్చీలో తక్కువైపోతారు.

కాబట్టి మన సంఘానికి నావి నాలుగు విన్నపాలు.

ఒకటి, ఏటా ఒక విద్యార్థికి, లా డిగ్రీ అయ్యాక మూడేళ్లపాటు నెలనెలా భృతి ఇద్దాం. అందులో ఆడపిల్లలకు మొదటి స్థానం ఉండాలి.

రెండు, మనలో పదేళ్లకు పైబడి అనుభవమున్న న్యాయవాదులు ఒక్కొక్కరిని జూనియరుగా చేర్చుకోవాలి. ఆ మూడేళ్లకు ధ్రువపత్రం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇవ్వవచ్చు, దానిపై న్యాయాధికారి సంతకం కావాలి. తాత్కాలికంగా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి పిల్లలు డిగ్రీ చేతికి రాగానే ఆలస్యం చేయకూడదు. ఎన్‌రోల్‌మెంట్ రుసుముకు భయపడనక్కర్లేదు. జనరల్ వారికి రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మించరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మూడు, బడి గ్రంథాలయంలో ఒక బీరువా నిండా మూల చట్టాలు, పాతవీ కొత్తవీ పెడదాం.

నాలుగు, మా సార్లకు ఒక మనవి. తెలుగు సారు, ఇంగ్లీషు సారు కలిసి ఆదివారం ఒక గంట అనువాదం చెప్పించండి. చూపు లేని పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. వాళ్లను న్యాయ సేవ నుంచి మినహాయించరాదని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు చెప్పింది.

నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి దరఖాస్తు చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదవండి. న్యాయాధికారి కావాలనుకునేవాళ్లకు అదే మొదటి పాఠం.

మొదటి ఏడాది భృతికి నా వంతు సొమ్ము ఈరోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను. మిగిలిన వంతులు మీవి. సెలవు.