పాత జీపు బాగుచేయిస్తున్నారా?

ఫిల్మ్‌నగర్ సినిమాల్లో పోలీసులకైనా, విలన్ మనుషులకైనా ఎన్నో ఏళ్లు జీపే బండి. మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన వంశం అది. జూబ్లీహిల్స్ షెడ్డులో అలాంటిది తుప్పు పట్టి ఉంటే, ముందే రంగు జోలికి పోకండి. స్ప్రింగు పట్టీలు బిగించినచోట ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమనాలి, డొల్లగా మోగితే లోపల తుప్పు తినేసినట్టే. దానిమీద పుట్టీ పూయడం ప్రాణాలతో చెలగాటం. పాడైన ఇనుము కోసేసి, కొత్తది వెల్డింగు చేయించాల్సిందే. ముందు, వెనక చక్రాలకు ఇంజను శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ పాలటీ రంగులో ఉందంటే నీళ్లు చేరాయన్నమాట. ఫోర్‌వీల్ డ్రైవ్ పరీక్ష మాత్రం మట్టిలోనే చేయండి. తారురోడ్డు మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరిగి గేర్లు బిగుసుకుంటాయి. బండికి 15 ఏళ్లు దాటితే ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చూసుకోండి.